కొహిమా యుద్ధభూమికి మా పెదతాత కోసం వెళ్ళాలనుకుంటున్నాము, తెలిసినవారు దారి చెప్పగలరు

పాతట్రంకుపెట్టె

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను గాని, రాయడం ఇదే మొదటిసారి.

మా తాతగారికి ఒక అన్నగారు ఉండేవారు. గోదావరి జిల్లాలోని మా ఊరి నుండి 1942లో మిలిటరీలో చేరి, లారీ డ్రైవరుగా శిక్షణ పొంది, ఈశాన్య సరిహద్దుకు వెళ్ళి, 1944లో నాగా కొండల్లోని కొహిమా దగ్గర జపానుతో పోరు జరుగుతున్న రోజుల్లో చనిపోయారు. తంతి వచ్చిందే గాని, మనిషి రాలేదు, అస్థికలు రాలేదు, ఎలా పోయాడో చెప్పే ఉత్తరం ముక్క కూడా రాలేదు. యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు ఒక గుండ్రటి పతకం వచ్చింది. దానిని మా తాతగారు పాత పంచె ముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచారు. ఆయన బ్రతికున్నంత కాలం మహాలయ పక్షంలో అన్నగారి పేరు చెప్పి నీళ్ళు వదిలేవారు. ఏ తిథినాడు పోయాడో తెలియని మనిషికి ఏ రోజున తద్దినం పెట్టాలి అన్న బాధ ఆయనను చివరిదాకా వదలలేదు.

మా నాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్ళు. పెదనాన్నను ఆయన చూడనే లేదు, ఎందుకంటే ఆయన పుట్టేనాటికే పెదనాన్న పోయి మూడేళ్ళు దాటింది. అయినా ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "ఒక్కసారి ఆ నేల మీద నిలబడి రావాలిరా" అన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, అందుకని ఆలస్యం చేయదలచుకోలేదు. అక్కడ మా పెదతాతకు సమాధి లాంటిది ఏదైనా ఉంటుందా, ఉంటే ఎలా కనుక్కోవాలి, అక్కడికి వెళ్ళినవారు ఎలా మెలగాలి, నాన్నగారు తన పద్ధతిలో ఏమైనా చేసుకోవచ్చా అన్నవి నా సందేహాలు.

విశ్రాంత సుబేదారు

మీ నాన్నగారి కోరిక చాలా మంచిది. తప్పక తీసుకువెళ్ళండి. వెళ్ళేముందు ఇంట్లోనే చేయవలసిన పని ఒకటుంది, దానితో మొదలుపెట్టండి.

ఆ గుండ్రటి పతకం బహుశా 1939–45 వార్ మెడల్ అయి ఉంటుంది. ఒక వైపు ఆరవ జార్జి రాజు తల, రెండవ వైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడిన సింహం ఉంటే అదే. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన ఆ పతకాల మీద పేరు ఉండదు గాని, మన దేశపు సైనికులకు ఇచ్చిన వాటి అంచు చుట్టూ సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అచ్చు వేసి ఇచ్చారు. ఆ అంచును మెత్తటి గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టి చదవండి. పులిసిన చింతపండుతో తోమవద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

నంబరు దొరికితే సగం పని అయినట్టే. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ 1917 నుండి ఈ మృతుల లెక్కలు చూస్తోంది. దాని వెబ్‌సైటులో పేరుతోనూ, నంబరుతోనూ వెతికే వీలుంది. పేరుతో మాత్రమే వెతికితే మన తెలుగువారు సాధారణంగా దొరకరు. భర్తీ చేసుకునే గుమాస్తా ఇంటిపేరు వదిలేసి, ఉన్న పేరును తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకునేవాడు. వెంకటస్వామి, వెంకటసామి, వెంకడస్వామి అన్నీ ఒకే మనిషి కావచ్చు. తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా చాలా నమోదుల్లో ఉంటాయి, వాటిని పోల్చి చూసుకోండి.

సమాధి విషయంలో మాత్రం ముందే మనసు సిద్ధం చేసుకోండి. హిందూ, సిక్కు సైనికులను దహనం చేశారు కాబట్టి వారికి విడి సమాధులు ఉండవు. కొహిమా యుద్ధ శ్మశానవాటికలో దహన స్మారకం అని ఒకటుంది, దాని మీద అటువంటి 917 మంది పేర్లు ఉన్నాయి. దేహమే దొరకని వారి పేర్లయితే రంగూన్ సమీపాన టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారకం మీద ఉంటాయి, అక్కడ సుమారు 27,000 పేర్లు చెక్కారు. మీ పెదతాతగారి పేరు ఈ రెండింటిలో ఎక్కడ ఉందో తేల్చుకోకుండా టిక్కెట్లు కొనకండి. కొహిమాలో పోయినవాడి పేరు కొహిమాలోనే ఉంటుందన్న నమ్మకం లేదు.

పాతట్రంకుపెట్టె

సుబేదారు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి భోజనాలయ్యాక పతకం తీసి చూశాము. ఇన్నేళ్ళుగా అది నల్లబడిన అంచు అనుకున్నాము గాని, దీపం పక్కగా పెట్టి చూస్తే అక్షరాలు తేలాయి. నాన్నగారు ఒక్కొక్క అంకె పైకి చదువుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. ఒక అంకె ఆరా ఎనిమిదా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాము.

ఎనిమిదితో వెతికితే దొరికారు. పేరులో రెండు అక్షరాలు తారుమారయ్యాయి, మా ముత్తాత పేరు సగమే ఉంది, ఊరి పేరు మాత్రం తప్పు లేకుండా ఉంది. దళం రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే దళం, చనిపోయిన తేదీ 1944 జూన్ 6, కొహిమా దహన స్మారకం. తేదీ చూడగానే నాన్నగారు, "మా నాయన ఉండి ఉంటే ఎంత సంతోషించేవాడో" అని మరి మాట్లాడలేదు.

దర్భాసనం

నేను పౌరోహిత్యం చేసేవాడిని. తేదీ చూడగానే పాత పంచాంగం తీసి లెక్క చూశాను. 1944 జూన్ 6 తారణ నామ సంవత్సరం జ్యేష్ఠ శుద్ధ పౌర్ణమి, అంటే ఏరువాక పున్నమి. మీది వ్యవసాయ కుటుంబమైతే, ఇంటి దగ్గర ఎడ్లకు పసుపు కుంకుమలు పెట్టి అరక కట్టిన రోజున ఆయన అక్కడ కన్నుమూశారన్నమాట. ఇకమీదట ఆబ్దికం ఆ తిథికి నిస్సందేహంగా పెట్టుకోవచ్చు.

మీ తాతగారు మహాలయంలో నీళ్ళు వదిలిన ప్రతి ఏడూ ఫలించిందనే నా నమ్మకం, మీ నాన్నగారితో ఈ మాట చెప్పండి. ఆయుధం వల్ల పోయినవారి కోసం మహాలయ పక్షంలో చతుర్దశిని మన పెద్దలు ప్రత్యేకంగా కేటాయించారు. యుద్ధంలో పోయిన మనిషికి ఆనవాలు దొరకకపోవడం కొత్త సంగతి కాదు గనుకనే ఆ ఏర్పాటు పుట్టింది. తర్పణం చివరలో తల్లి గాని తండ్రి గాని బంధువు గాని లేనివారందరూ తృప్తి పొందాలని చెప్పి విడిచే నీళ్ళు కూడా ఉన్నాయి. కురుక్షేత్రం ముగిశాక ధర్మరాజు తనవారికే కాక ఎదుటి పక్షంలో దిక్కులేకుండా పడి ఉన్నవారికి కూడా అంత్యక్రియలు జరిపించాడని మనం చెప్పుకుంటాము గదా.

అక్కడ ఏం చేయవచ్చు అని అడిగారు. నా సలహా ఏమిటంటే, పిండప్రదానం, తిలతర్పణం వంటివి మీ గోదావరి ఒడ్డునే పెట్టుకోండి. ఆ వాటిక క్రైస్తవులు, ముస్లిములు, హిందువులు, సిక్కులు, ఏ మతమో తెలియనివారు కలిసి ఉన్న చోటు. అక్కడ నిప్పు, నూనె, అన్నం పెట్టడం భావ్యం కాదు, పైగా కంచు పలకలు పాడవుతాయి. పువ్వులు ఉంచి, గోత్రనామాలు మనసులో చెప్పుకొని, కాసేపు మౌనంగా నిలబడితే చాలు. మీకు ఇంకా ఏమైనా తీసుకువెళ్ళాలనిపిస్తే మీ పొలం మట్టి గుప్పెడు తీసుకువెళ్ళండి. అక్కడి కాపలాదారును అడిగి, ఆయన చూపిన పూలమొక్క మొదట్లో కలపండి.

కొండదారి

రెండేళ్ళ క్రితం శీతాకాలంలో నేను అక్కడ మూడు రోజులు గడిపాను, కాబట్టి ప్రయాణం సంగతులు చెప్పగలను. దిమాపూర్ వరకు రైలు గాని విమానం గాని ఉంది. అక్కడి నుండి కొహిమా 74 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మన రాష్ట్రాల నుండి వెళ్ళేవారు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వానాకాలంలో కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంది గనుక అక్టోబరు తరువాత వెళ్ళండి. డిసెంబరు 1 నుండి 10 వరకు హార్న్‌బిల్ ఉత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో గదులు దొరకవు, మీరు వెళ్ళే పనికి ఆ సందడి పనికిరాదు కూడా. ఆదివారం ఊరంతా చర్చికి వెళ్తుంది, దుకాణాలు మూసి ఉంటాయి.

ఇక ఆ చోటు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏమీ తెలియకుండా వెళితే అది ఒక అందమైన తోటలాగా మాత్రమే కనిపిస్తుంది. వాటిక ఊరి నడిబొడ్డున, గారిసన్ హిల్ అనే కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. యుద్ధం జరిగిన నేల, శ్మశానం చేసిన నేల ఒకటే. 1944 ఏప్రిల్ 4న జపాను 31వ డివిజన్ ఇక్కడికి చేరింది. లోపల ఉన్న బ్రిటిష్, భారత సేనవారు సుమారు 2,500 మంది, వారిలో పోరాడే శిక్షణ లేని గుమాస్తాలు, వంటవారు, డ్రైవర్లు కూడా చాలామంది ఉన్నారు. బయట వారికి ఎన్నో రెట్ల బలగం ఉంది. రెండు వారాలు ముట్టడి సాగింది. నీటి ఊటలు శత్రువు చేతికి చిక్కడంతో గుక్కెడు నీళ్ళ కోసం విమానాల నుండి పారాచూట్లతో దించే డబ్బాల మీద ఆధారపడ్డారు. ముట్టడి విడిపోయాక కూడా పోరు ఆగలేదు. జూన్ 22న ఇంఫాల్ దారిలో 109వ మైలురాయి వద్ద రెండు వైపుల నుండి వచ్చిన సేనలు కలుసుకుంటే గాని దారి తెరుచుకోలేదు. మీ పెదతాతగారు పోయింది దానికి సరిగ్గా పదహారు రోజుల ముందు.

మధ్య మెట్టు మీద పచ్చికలో తెల్లని గీతలు కనిపిస్తాయి. అవి అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళాకు చెందిన టెన్నిస్ కోర్టు గీతలు. కోర్టుకు ఈ అంచున వీరు, ఆ అంచున వారు గుంటలు తవ్వుకొని వారాల తరబడి ఉన్నారు, మధ్యలో ఉన్నది బంతి ఆడుకునేంత దూరమే. నేను ఆ గీత మీద నిలబడి ఎదుటి గీత దాకా అడుగులు లెక్కపెడదామని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాను. పక్కనే ఒక చెర్రీ చెట్టు ఉంది. జపాను సైనికులు చాటుగా కాల్పులు జరపడానికి వాడుకున్న పాత చెట్టు యుద్ధంలో పోగా, దాని మొదలు నుండి చిగిర్చిన చెట్టు అది.

సమాధులు మొత్తం 1,420. ఒక్కొక్కదానికి ఒక చిన్న కంచు పలక, దాని మీద పేరు, దళం, వయసు ఉన్నాయి. చాలా పలకల అడుగున తల్లో భార్యో రాయించిన ఒక వాక్యం ఉంటుంది. ఒక ఉదయం తోటమాలి తడిగుడ్డతో ఒక్కొక్క పలకను తుడుస్తూ, అక్షరాల సందుల్లో నాచును సన్నని పుల్లతో తీస్తూ కనిపించాడు. వరుసంతా అలా తుడిచి, తుడిచిన పలక ముందు ఒక్క క్షణం ఆగి మరొకదానికి వెళ్ళేవాడు.

దహన స్మారకం అన్నిటికంటే పై మెట్టున ఉంది. మీ నాన్నగారి మోకాళ్ళకు అదొక్కటే కష్టం. పొద్దున్నే వెళ్ళి, ప్రతి మెట్టు దగ్గరా కూర్చుంటూ ఎక్కండి. చాలామంది సందర్శకులు టెన్నిస్ కోర్టు దగ్గర ఫోటోలు తీసుకొని దిగిపోతారు, పైదాకా రారు. దహనం చేసిన మన హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఉన్నది మాత్రం పైనే.

నిజంచెప్పాలంటే

నా మాట ఎవరినీ నొప్పించకూడదని కోరుకుంటూ ఒక సంగతి అడుగుతున్నాను. సొంత పెదతాత కోసం వెళ్ళడాన్ని నేను తప్పుపట్టను. కాని అది బ్రిటిష్ సామ్రాజ్యం తన కోసం చేసిన యుద్ధం కాదా? 1942లో ఇక్కడ క్విట్ ఇండియా అన్నవారిని జైళ్ళలో పెట్టి, 1943లో బెంగాల్ ప్రజలు ఆకలితో లక్షలాదిగా చనిపోతుంటే చూస్తూ ఊరుకున్న ప్రభుత్వం అది. అదే ఇంఫాల్ పోరులో ఎదుటి వైపున నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు మన దేశం కోసం పోరాడింది. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో త్రివర్ణ పతాకం ఎగరేసింది వారే. వారిలో పోయినవారికి కంచు పలకలు లేవు, తుడిచే తోటమాలి లేడు. మనం తల వంచవలసింది ముందుగా ఎవరికి?

విశ్రాంత సుబేదారు

ప్రశ్న న్యాయమైనదే, నేను సర్వీసులో ఉన్నప్పుడు కూడా దీని మీద వాదించుకునేవాళ్ళం. అప్పటి భారత సైన్యంలో 25 లక్షలకు పైగా జనం ఉన్నారు. వారిని బలవంతంగా పట్టుకుపోలేదు, స్వచ్ఛందంగానే చేరారు. అయితే ఆ స్వచ్ఛందం వెనుక తడారిన పొలమూ, ఇంటినిండా పిల్లలూ, నెలనెలా వచ్చే మనియార్డరూ ఉన్నాయి. లారీ నడిపే కుర్రవాడికి సామ్రాజ్యం మీద ప్రేమ ఉండి ఉంటుందని నేను అనుకోను. వెనుక వస్తున్న లారీ వాడి మీద ప్రేమ ఉంటుంది, ముందు గుంటల్లో తూటాలు అయిపోయి ఎదురుచూస్తున్నవాడి మీద బాధ్యత ఉంటుంది. ఆ దారిలో వానకు జారే మలుపుల మీద, రాత్రిళ్ళు దీపాలు ఆర్పుకొని బండి నడపడం ఎంత కష్టమో ఆ రోడ్డు చూస్తే మీకే తెలుస్తుంది.

ఎవరు ఎవరి యుద్ధం చేశారన్నది చరిత్రకారులు తేల్చవలసిన లెక్క, తేల్చనీయండి. పోయినవారిని తలచుకోవడానికి ఆ లెక్క తేలేదాకా ఆగనక్కరలేదు. ఫౌజు వారిని కూడా తలచుకోవాలన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొయిరాంగ్‌లో వారి స్మారకం ఉంది, ఇంఫాల్ నుండి 45 కిలోమీటర్ల దూరం. పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు అక్కడికి కూడా వెళ్ళాలి. ఒకే ఊరి నుండి అన్న ఒక వైపు, తమ్ముడు ఒక వైపు ఉన్న కుటుంబాల గురించి విన్నవాడిని నేను.

ఇంకొక మాట. 1944 జూన్ 6న నార్మండీ తీరాన సేనలు దిగాయి, ప్రపంచ పత్రికలన్నీ ఆ వార్తతోనే నిండిపోయాయి. బర్మా సరిహద్దులో పోరాడిన 14వ సైన్యాన్ని అప్పట్లోనే మరచిపోయిన సైన్యం అని పిలిచేవారు. అదే రోజున కొహిమాలో ఒక గోదావరి కుర్రవాడు పోయిన సంగతి ఎవరికి పట్టింది?

శిలాక్షరి

ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి చెప్పాలనిపించింది. నేను ఊళ్ళు తిరిగి వీరగల్లులు, అంటే పోరులో పోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు, చూసే అలవాటున్నవాడిని. మన వీరగల్లు మీద సాధారణంగా మూడు అంతస్తులు ఉంటాయి. అడుగున పోరు, నడుమ అప్సరసలు వీరుడిని పైకి తీసుకువెళ్ళడం, పైన శివలింగం ముందు అతడు కూర్చుని ఉండడం. అన్నిటికీ పైన సూర్యచంద్రులు ఉంటారు. చాలా రాళ్ళ మీద పేరు ఉండదు. పేరు పోయినా ఊరివారు ఆ రాతికి ఏటా పసుపు రాస్తూనే ఉంటారు.

కొహిమా వాటిక ముఖద్వారం దగ్గర బ్రిటిష్ 2వ డివిజన్ వారి స్మారకం ఉంది. ఇంటికి వెళ్ళినప్పుడు మా గురించి చెప్పండి అని దారిన పోయేవారిని అడిగే ప్రసిద్ధమైన మాటలు దాని మీదే ఉన్నాయి. అందరూ ఆ మాటలనే చదువుతారు, రాతిని చూడరు. అది చెక్కి నునుపు చేసిన పాలరాయి కాదు. నాగాలు తమ మృతుల సమాధులకు గుర్తుగా నిలిపే రాళ్ళ వంటి నిలువెత్తు ఏకశిల. అంటే ఆ నేల మనుషుల పద్ధతిలోనే ఆ స్మారకం నిలిచింది. వీరగల్లుల మధ్య పెరిగిన మనకు ఆ రాయి పరాయిదిగా అనిపించదు.

అందుకే పాతట్రంకుపెట్టె గారికి నాదొక విన్నపం. ఆ యుద్ధం నాగాల ఇళ్ళ మధ్య, వారి పొలాల మీద జరిగింది. అంగామీ నాగాల కొహిమా గ్రామం కాలి బూడిదయింది. గాయపడినవారిని డోలీల్లో మోసుకుంటూ కొండలు దింపినవారు, దారి చూపినవారు, మందుగుండు మోసినవారు నాగాలే. వారిలో పోయినవారి పేర్ల పట్టిక ఆ వాటికలో లేదు. జపాను వైపు చూస్తే, మూడు వారాలకు సరిపడే తిండితో కొండలు దాటి వచ్చి, అది అయిపోయాక ఆకలితోనూ జబ్బులతోనూ దారి పొడుగునా రాలిపోయారు. వారి సేనాని సాటో, పైవారి ఆజ్ఞను ధిక్కరించి మే చివరలో తన మనుషులను వెనక్కి మళ్ళించాడు. ఇంఫాల్, కొహిమా పోరులో జపాను నష్టం 50,000 దాటింది. పై మెట్టున మీ పెదతాతగారికి పువ్వులు పెట్టాక, దిగేటప్పుడు ఆ చెర్రీ చెట్టు దగ్గర ఒక పువ్వు, ద్వారం దగ్గరి రాతికి ఒక పువ్వు ఉంచండి.

పల్నాడులోని కారంపూడికి ఎవరైనా వెళ్ళారా? పన్నెండవ శతాబ్దంలో సవతి అన్నదమ్ముల పక్షాలు నాగులేటి ఒడ్డున కొట్టుకొని చచ్చిన చోటు అది. ఏటా కార్తిక అమావాస్యతో మొదలై ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వరుసగా జరుపుతారు. వీరుల ఆయుధాలను నాగులేటిలో శుభ్రం చేసి ఊరేగిస్తారు, కథ పాడతారు. ఆ గుంపులో నిలబడి విన్నప్పుడు నాకు గెలిచినవాడెవరు అన్న ఆలోచన రాలేదు. పేరు పేరునా పిలవడమే అక్కడ జరిగే పూజ.

నిజంచెప్పాలంటే

సుబేదారు గారూ, శిలాక్షరి గారూ, మీ మాటలు ఆలోచింపజేశాయి. సామ్రాజ్యం విషయంలో నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా. కాని తోటమాలి తుడిచే పలకల మీద నాకు వచ్చిన కోపం ఆ పలకల కింద ఉన్నవారి మీద కాదని ఒప్పుకుంటున్నాను. పాతట్రంకుపెట్టె గారూ, మీరు వెళ్ళిరండి. వీలైతే ఫౌజు వారి పేరు మీద కూడా ఒక పువ్వు ఉంచండి, నా తరఫున.

పాతట్రంకుపెట్టె

వెళ్ళి వచ్చాము. రాయడానికి కొన్ని వారాలు పట్టింది, క్షమించండి.

కొండదారి గారు చెప్పినట్టే ఉదయం ద్వారం తెరవగానే వెళ్ళాము. నాన్నగారు ఎక్కడానికి గంటకు పైగా పట్టింది. టెన్నిస్ కోర్టు గీతల దగ్గర మాత్రం కూర్చోను అన్నారు, నిలబడే అలుపు తీర్చుకున్నారు. పైకి చేరాక పలకల మీద వెతకడానికి నేను ముందుకు వెళ్ళబోతే చేయి అడ్డుపెట్టి ఆపి, తానే చూపుడువేలు ఒక్కొక్క పేరు కింద జరుపుతూ మొదటి నుండి చదవడం మొదలుపెట్టారు. తన పెదనాన్న పేరు ఫలానా చోట ఉందని తెలిసినా, మధ్యలో ఒక్క పేరునూ దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ పంజాబీ పేర్లు, గఢ్వాలీ పేర్లు, తమిళ పేర్లు పైకి చదువుతూనే ఉన్నారు. మా వారి పేరు వచ్చినప్పుడు గొంతు తగ్గింది. తారుమారైన ఆ రెండు అక్షరాల మీద వేలు కాసేపు ఆగింది, ఆ తరువాత అసలు పేరును తెలుగులో సరిగ్గా పలికి, కింది పేరుకు వెళ్ళారు.

దర్భాసనం గారు చెప్పినట్టు పొలం మట్టి తీసుకువెళ్ళాము. అక్కడి తోటమాలికి హిందీ, మాకు అస్సామీ అంతంతమాత్రమే అయినా, మూట విప్పి చూపగానే ఆయనకు అర్థమైంది. స్మారకం వెనుక ఒక గులాబీ మొక్క చూపి, తన చేతి పారతో తానే చిన్న గుంట తీశారు. పువ్వులు నాలుగు చోట్ల ఉంచాము. చెర్రీ చెట్టు దగ్గర, ద్వారం దగ్గరి రాతి దగ్గర ఉంచాక మిగిలినదాన్ని నాన్నగారు ఇంఫాల్ వైపు వెళ్ళే రోడ్డు గట్టున పెట్టారు. నిజంచెప్పాలంటే గారూ, అది మీరు చెప్పినవారి కోసం.

వచ్చే జ్యేష్ఠ పౌర్ణమికి మా ఇంట మొదటిసారి తిథి ప్రకారం ఆబ్దికం పెడుతున్నాము. ఉదయం అరక కట్టాక పెట్టాలా ముందే పెట్టాలా అన్నది దర్భాసనం గారిని అడగవలసి ఉంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నాన్నగారు చదివిన పేర్లలో రెండు తెలుగు పేర్లుగా తోచాయి. ఇంటికి వచ్చి వెబ్‌సైటులో చూస్తే ఒకరి ఊరు గుంటూరు జిల్లాలోనూ, మరొకరిది విశాఖపట్నం జిల్లాలోనూ ఉన్నట్టు తెలిసింది. ఊరి పేర్లు ఇంగ్లీషులో బాగా చెడిపోయి ఉన్నాయి, ఈనాటి ఏ ఊళ్ళో పోల్చుకోలేకపోతున్నాము. ఆ రెండు పలకల ఫోటోలు తీసి ఉంచాను. 1944లో ఈశాన్యానికి వెళ్ళి తిరిగి రాని మనిషి మీ ఇంట్లో గాని, మీ ఎరుకలో గాని ఉంటే నాకు సందేశం పంపండి, ఫోటోలు పంపిస్తాను. నంబరు కోసం పతకం అంచు చూడడం మరచిపోకండి.